దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులుగారు

తలనొప్పి వచ్చినప్పుడు మన యిండ్లలో పెద్దలు వెదకు చిన్నసీసాను ఎరుగని విద్యార్థి యుండడు. పసుపువన్నె గల ఆ అంజనమును నుదుట రాచికొని, దాని ఘాటునకు కన్నులు మూసికొని పడుకొనుట మనలో పెక్కుమందికి అనుభవమే. ఆ సీసాకును, మన యాడికి వంటి మెట్టగ్రామముల నీటికరవునకును ఒక సంబంధము కలదని చెప్పినచో చదువరులు ఆశ్చర్యపడవచ్చును. ఒక్క మనుజుని జీవితమే ఆ రెంటిని కలిపినది. ఆ మహనీయుని చరిత్రమును ఇచ్చట కొంత తెలుపుచున్నాము.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867 వ సంవత్సరము మే నెల 1 వ తేదీన కృష్ణామండలములోని ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. బందరులో చదివి, పిమ్మట చెన్నపట్టణమునందలి క్రైస్తవ కళాశాలలో చేరి 1891 లో పట్టభద్రులైరి. ఆ కాలమున బి. ఏ. పరీక్షలో తేరినవాడు సర్కారు కొలువునో, వకీలు పనినో ఆశించుట వాడుక. బంధువులు కోరునదియు అదియే. చదువుకొన్న బ్రాహ్మణయువకుడు అంగడి పెట్టుకొని సరకు అమ్ముట గౌరవహీనమని తలచు దినములవి. కందుకూరి వీరేశలింగముగారి రచనలు చదివి సంస్కారభావములను అలవరచుకొన్న నాగేశ్వరరావుగారికి ఆ తలపు నచ్చలేదు. వ్యాపారమే తమ వృత్తియని నిశ్చయించుకొనిరి.

నిశ్చయించుకొనుట సులభము, మూలధనము దొరకుట కష్టము. చెన్నపట్టణమున కొంతకాలము చేసిన ప్రయత్నము నిలువలేదు. అంతట వారు కలకత్తాకు పోయి మందుల వ్యాపారశాల యొకదానిలో ఉద్యోగమున కుదిరి, అచ్చట ఔషధములు కూర్చు విధానము నేర్చుకొనిరి. పిదప బొంబాయి చేరి మరియొక వ్యాపారసంస్థ కార్యాలయమున పనిచేసిరి. ఈ సంవత్సరములను గూర్చి జీవితచరిత్రలలో రెండుమూడు వాక్యములే కనబడును. కాని మా యభిప్రాయమున వారి భాగ్యమునకు పునాది పడినది ఇచ్చటనే. సరకు ఎట్లు తయారగునో ఒకచోట, అది ఎట్లు చెల్లుబడియగునో వేరొకచోట, జీతము తీసికొనుచునే నేర్చుకొనిరి.

1893 లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించిరి. కర్పూరము, పుదీనాపువ్వు మొదలగు ఘాటైన ద్రవ్యములతో కూర్చిన ఈ లేపనము తలనొప్పికిని ఒడలినొప్పులకును పనికివచ్చునది. మందు మంచిదైనంతమాత్రమున జనులు కొందురా? పంతులుగారు సంగీతసభలకు చిన్నసీసాలను పంపి, కూడిన రసికులకు ఉచితముగ పంచిపెట్టించిరట. రాత్రి పొద్దుపోవువరకు పాటకచ్చేరి విని తల బరువెక్కినవారికి అంతకంటె సమయోచితమైన బహుమానము ఏమి కలదు! ఊరకే పుచ్చుకొన్నవాడు మరునాడు అంగడికి పోయి అడుగును. ఈ యుక్తి ఫలించెను. కొలదికాలములోనే పంతులుగారు లక్షాధికారులైరి.

ఇంతటితో కథ ముగిసినచో వారిని గూర్చి మనము వ్రాయ నవసరము లేదు. ధనవంతులు ఏ కాలముననైనను ఉందురు. పంతులుగారు 1907 లో సూరతునగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు పోయిరి. మితవాదులును అతివాదులును చీలిపోయిన సభ యది. దేశమున నింత కలకలము జరుగుచుండగా తెలుగువారికి దానిని తెలుపు మంచి పత్రిక లేకుండుట వారి మనస్సునకు నాటినది. 1908 సెప్టెంబరులో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. తెలుగునేలకు అంతదూరమున నుండి తెలుగుపత్రిక నడపుట సాహసమే. 1914 ఏప్రిలు 1 వ తేదీనుండి అది చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. నాలుగు నెలలకు ఐరోపాఖండమున మహాయుద్ధము ఆరంభమైనది. వార్తలకై జనులు ఎదురుచూచు కాలమున ఆ పత్రిక తెలుగు గ్రామములలో ప్రవేశించెను. 1924 లో భారతి యను సాహిత్య మాసపత్రికను, 1926 లో ఆంధ్రగ్రంథమాలను వెలయించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923 లో మరణింపగా, వారు తలపెట్టిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును సాగించు భారమును గూడ పంతులుగారే వహించిరి.

ఇందు లాభము తెచ్చునది ఏది? అమృతాంజనము సంపాదించెను, అక్షరములు వ్యయపెట్టెను. నేర్పరియైన వ్యాపారి నష్టమువచ్చు పనిని వదలుకొనును గదా యని విద్యార్థులు అడుగవచ్చును. పంతులుగారు అంగడిలెక్కను ఒక తీరున, దేశపులెక్కను వేరొక తీరున చూచినట్లు తోచుచున్నది. విద్యార్థులకు, రచయితలకు, గ్రంథాలయములకు వారు చేసిన సాయమునకు లెక్క లేదందురు. ఆంధ్రులు వారిని దేశోద్ధారకు లనియు విశ్వదాత యనియు పిలిచిరి. ఉప్పుసత్యాగ్రహమున పాల్గొని, తమ వయస్సు అరువది దాటిన పిమ్మట చెరసాలకు పోయి, అచ్చట భగవద్గీతకు వ్యాఖ్య రచించిరి. 1935 లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుద మొసగెను. 1936 లో అమృతాంజనము వాటాదారుల కంపెనీగా మారినది.

ఇక మన మండలమునకు సంబంధించిన విషయమునకు వత్తము. అప్పట్లో తెలుగు జిల్లాలు చెన్నరాజధానిలో నుండెను. ప్రత్యేకాంధ్రరాష్ట్రము కావలెనని 1913 నుండి ఆంధ్రమహాసభలు కోరుచుండెను. అయితే దత్తమండలములని పిలువబడి, 1928 నుండి రాయలసీమ యను పేరు వహించిన మన ప్రాంతపు పెద్దలకు ఒక శంక యుండెను. కోస్తాజిల్లాలవారికి కాలువలును కళాశాలలును కలవు. రాష్ట్ర మేర్పడిన పిమ్మట కరవుసీమ మాట వినువా రెవరు? ఈ శంక న్యాయమైనదే. దీనిని తీర్చుటకై 1937 నవంబరు 16 వ తేదీన ఇరుప్రాంతముల నాయకులు చెన్నపట్టణమున సమావేశమైరి. వారు కూడిన స్థలము సభామందిరము గాదు, మయిలాపూరునందు పంతులుగారి నివాసమైన శ్రీబాగ్. ఇరుపక్షములవారును సంశయింపక అడుగుపెట్టదగిన యిల్లు అది. కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, కొండ వెంకటప్పయ్యగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మొదలగువారు అందు పాల్గొనిరి.

అచ్చట కుదిరిన ఒడంబడికయే శ్రీబాగ్ ఒడంబడిక. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల జలములను వాడుకొనుటలో పది సంవత్సరములపాటు, అవసరమైనచో అంతకుమించియు, రాయలసీమకును నెల్లూరుజిల్లాకును ప్రాధాన్య మీయవలెను. విశ్వవిద్యాలయమునకు వాల్తేరునందువలెనే అనంతపురమునందును కేంద్ర ముండవలెను. రాజధాని, ఉన్నతన్యాయస్థానము అను రెంటిలో తమకు కావలసినదానిని కోరుకొను హక్కు రాయలసీమవారికి ఉండవలెను. ఇవి అందలి ముఖ్యాంశములు.

ఒడంబడిక జరిగి అయిదు నెలలైనను గడువకముందే, 1938 ఏప్రిలు 11 వ తేదీన పంతులుగారు పరమపదించిరి. వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను, వ్యాపారమును చేపట్టి నడపిరి. ఆంధ్రపత్రిక 1991 వరకు జీవించెను. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. మయిలాపూరునందలి యొక ఉద్యానవనమునకు పంతులుగారి పేరున్నది.

1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు కర్నూలు రాజధాని యయ్యెను, ఉన్నతన్యాయస్థానము గుంటూరున వెలసెను. మూడేండ్లకే ఆ రెండును హైదరాబాదునకు తరలిపోయెను. అనంతపురమున విశ్వవిద్యాలయము 1981 లో ఏర్పడినది. తుంగభద్ర యెగువకాలువ నీరు మధ్యపెన్నారు జలాశయమునకు చేరి మన మండలమునకు కొంత అందుచున్నది. వ్రాతపూర్వకముగ నొప్పుకొన్న నీరు ఎంత వచ్చినది, ఎంత రావలసియున్నది యను వాదము మాత్రము ఇంకను తెగలేదు; వేరుసెనగ విత్తు రైతులలో పెక్కుమంది ఇప్పటికిని ఆకాశమువంకనే చూచుచున్నారు.