డాక్టర్ మరియా మాంటిస్సోరి

మొక్కై వంగనిది మానై వంగదని మన సామెత. ఐతే మొక్కను వంచుటకు ముందు దానికి నీరును, వెలుతురును అందవలెనని లోకమునకు తెలిపిన విదుషీమణి డాక్టర్ మరియా మాంటిస్సోరి.

ఈమె 1870 ఆగస్టు 31 వ తేదీన ఇటలీ దేశమందలి కియారవల్లె పట్టణమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో రోము విశ్వవిద్యాలయమున చేరెను. పురుషుల సరసన నిలిచి శవచ్ఛేదము చేయుట స్త్రీకి తగదని యెంచి, ఒంటరిగా ఆ పని చేసికొనుటకే అధికారులు అనుమతించిరి. ఆమె వెనుదీయక 1896 లో పట్టము పొందెను.

పిమ్మట మందబుద్ధులని లోకము విడిచిన బాలబాలికలకు ఆమె చదువు నేర్పెను. వారిలో కొందరు సామాన్య బాలురకు పెట్టు పరీక్షలోనే ఉత్తీర్ణులైరి. జనులు ప్రశంసించిరి. ఆమెకు మాత్రము వేరొక చింత కలిగెను: వీరే ఇంత నేర్వగలిగినచో, ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంతకు మించి ముందుకు పోకుండుటకు కారణమేమి?

1907 జనవరి 6 వ తేదీన రోములోని సాన్ లోరెంజో అను పేదలవాడలో ఆమె ‘బాలల గృహము’ తెరచెను. తల్లిదండ్రులు కూలికి పోగా, దిక్కులేక తిరుగుచు గోడలు పాడుచేయుచుండిన సుమారు 50 మంది శిశువులే ఆమె శిష్యులు. వారి యెత్తునకు తగిన చిన్న బల్లలు, కుర్చీలు చేయించెను. చేతులు కడుగుకొనుట, గది ఊడ్చుట, వస్తువులను తిరిగి చోట నుంచుట నేర్పించెను. గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములను వ్రేలితో తడవి తడవి, ఆ పసివారు ఒకనాడు తమంతట తామే వ్రాయసాగిరి! బెత్తము లేదు, బహుమానము లేదు. పనియందలి ఆనందమే వారిని నడిపెను.

ముస్సోలినీ ప్రభుత్వముతో పొసగక ఆమె 1934 లో స్వదేశమును విడిచెను. 1939 లో దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానముపై మద్రాసు చేరి, అడయారులో సుమారు 300 మందికి శిక్షణ నొసగెను. 1940 లో ఇటలీ యుద్ధమున చేరగా, ఆమె కుమారుడు మారియో శత్రుదేశీయుడని నిర్బంధింపబడి, కొంత కాలమునకు విడుదలయ్యెను. ఇన్ని కష్టములలోను ఆమె కృషి ఆగలేదు. యుద్ధకాలమున కొంత భాగము కొడైకానలులో గడపెను. 1952 మే 6 వ తేదీన హాలెండు దేశమున పరమపదించెను.

శైశవవిద్య ఫలము చిరకాలము నిలుచునని అనంతర కాలపు పరిశోధనలును తెలిపినవి. అమెరికాలోని ఇప్సిలాంటి పట్టణమున 1962 లో ఆరంభమైన పెర్రీ శిశుపాఠశాల మాంటిస్సోరి పద్ధతిని అనుసరించినది కాదు. అయినను అచటి 123 మంది పేద బాలలను నలువది యేండ్ల ప్రాయము వరకు పరిశీలింపగా, ఆ శిశుపాఠశాలలో చదివినవారు, చదువనివారికంటె హెచ్చుగా ఉన్నత పాఠశాల ముగించి, హెచ్చు ఆదాయము పొంది, నేరములకు తక్కువగా లోనైరి.

తొలి ఆరేండ్లలో శిశువు తన చుట్టు వినబడు భాషను శ్రమలేకయే గ్రహించునని మాంటిస్సోరి కనుగొనెను. వీధిలో ఒక భాష, ఇంట తెలుగు వినబడు మన పిల్లలకు ఇది గొప్ప వరము. బడిలో అక్షరములు దిద్దుటకు ముందే అమ్మమ్మ చెప్పు కథ, అమ్మ పాడు జోల వారి తొలి పాఠశాల. తల్లిదండ్రులారా, ఆ పాఠశాలను మూయకుడు. విద్యార్థులారా, మీ చిట్టి తమ్ములకు, చెల్లెండ్రకు దినమునకొక తెలుగు కథ చెప్పుడు.