మన పిట్టల పేర్లు పుస్తకానికెక్కించిన దొర జెర్డాన్

పశువులు మేసే బీడును మనం పనికిరాని భూమి కింద జమకడతాం. ఆ బీళ్లలో, తుప్పల్లో బతికే పిట్టలకు తెలుగువారు పెట్టుకున్న పేర్లను నూట అరవై ఏళ్ల క్రితమే ఒక ఇంగ్లీషు డాక్టరు పుస్తకంలో అచ్చు వేయించారు. ఆయనే థామస్ కావెర్‌హిల్ జెర్డాన్.

జెర్డాన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించారు. ఎడింబరోలో చదువుకుని, ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా చేరి, 1836లో మద్రాసు వచ్చారు. మొదట గంజాంలో జ్వరాలు, విరేచనాలతో మంచాన పడిన సిపాయిలకు వైద్యం చేశారు. తూర్పు కనుమల పిట్టలను పరిశీలించడం అక్కడే మొదలైంది. 1840లలో నెల్లూరు సివిల్ సర్జనుగా పనిచేశారు. పొదా పుట్టా తెలిసిన యానాదుల దగ్గర కూర్చుని, జంతువుల సంగతులు అడిగి రాసుకున్నారు.

1862-64 మధ్య వెలువడిన ఆయన గ్రంథం 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పిట్టల తెలుగు పేర్లు ఉన్నాయి. మైదానాల్లో తిరుగుతూ వట్టి నేల మీద ఒక్కటే గుడ్డు పెట్టే పెద్ద పక్షి బట్టమేక. వానాకాలంలో గడ్డి పైకి ఎగిరెగిరి దూకే పక్షి నేలనెమలి. మరొకటి అడవి ఉత్తతిత్తి. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి.

ఈ మూడో పిట్టను నెల్లూరు, కడప కొండల వైపు పలచటి అడవుల్లో జెర్డానే కనుగొన్నారు. 1848లో కలకత్తాలోని బ్లిత్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని లోకానికి పరిచయం చేశారు. నేడు మనం కలివికోడి అనేది దీన్నే. మన గోదావరికీ దీనితో సంబంధం ఉంది. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న భద్రాచలం ప్రాంతంలోనూ, ఎగువన సిరోంచ వద్దా బ్లాన్‌ఫోర్డ్ అనే మరో శాస్త్రజ్ఞుడు పందొమ్మిదో శతాబ్దంలో దీన్ని చూశారు.

1867లో జంతువుల మీద మరో గ్రంథం వెలువరించిన జెర్డాన్, స్వదేశం చేరాక 1872 జూన్ 12న కన్నుమూశారు.

1900 తర్వాత కలివికోడి ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పట్టిన పిట్ట బతకలేదు గాని, జాతి బతికే ఉందని తేలింది. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. ఆ తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి జాడ లేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత వినిపించింది.

ఈ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు. దున్నిన చేనూ పనికిరాదు. మధ్యమధ్య ఖాళీ నేల ఉండి, పశువులు ఓ మోస్తరుగా మేసే తుప్పలే దాని ఇల్లు. పూర్తిగా నరికినా, చెట్లు నాటి దట్టం చేసినా ఆ ఇల్లు పోయినట్లే. బట్టమేకకూ అంతే. గడ్డి మైదానాలు సాగులోకి పోగా, ఎగిరే దారిలో కరెంటు తీగలు తగిలి చావగా, దేశం మొత్తం మీద ఇప్పుడు నూటయాభై పక్షులు మిగిలి ఉంటే ఎక్కువ.

మన మెట్ట గ్రామాల్లో ఇంకా అక్కడక్కడ పశువుల బీళ్లు మిగిలి ఉన్నాయి. వాటిని బంజరు అని తేల్చి దున్నే ముందు, అందులో ఏ పిట్టలు గుడ్లు పెడుతున్నాయో పశువుల కాపరులను ఒక్కమాట అడగడం మంచిది. జెర్డాన్ పుస్తకం రాసిందీ అలాంటివారిని అడిగే.