నూర్ ఇనాయత్ ఖాన్

నూర్ ఇనాయత్ ఖాన్ (జనవరి 1, 1914 - సెప్టెంబరు 13, 1944) రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో రహస్యంగా పనిచేసిన బ్రిటిషు వైర్‌లెస్ ఆపరేటరు, బాలల కథా రచయిత్రి. బ్రిటిషు రహస్య సంస్థ ఎస్.ఓ.ఇ. ఆక్రమిత ఫ్రాన్సుకు పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు ఈమే. పెట్టెలో ఇమిడే షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మీటరు, చుట్టి తీసుకుపోగల తీగ ఏరియల్ ఈమె పనిముట్లు.

కుటుంబ నేపథ్యం

నూర్ మాస్కోలో జన్మించింది. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాకు చెందిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు. తల్లి వైపు నుండి ఆయన టిప్పు సుల్తాన్ వంశీకుడు. ఆయన హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మన్నన పొందాడు. సూఫీ గురువు అబూ హాషిం మదని వద్ద శిష్యరికం చేసినది కూడా ఈ నగరంలోనే. 1910లో పాశ్చాత్య దేశాలకు వెళ్ళి, అమెరికాకు చెందిన ఓరా రే బేకర్‌ను వివాహమాడాడు. వీరి నలుగురు సంతానంలో నూర్ పెద్దది. 1922 నుండి ఈ కుటుంబం పారిస్ సమీపంలోని స్యురేన్‌లో నివసించింది. 1927లో తండ్రి ఢిల్లీలో మరణించగా, పదమూడేళ్ళ నూర్‌పై ఇంటి బాధ్యత పడింది.

విద్య, రచనలు

ఈమె సోర్బోన్ విశ్వవిద్యాలయంలో బాలల మనస్తత్వ శాస్త్రాన్ని అభ్యసించింది. వీణను పోలిన హార్ప్ వాయిద్యాన్ని నేర్చుకొంది. బుద్ధుని జాతక కథలను ఇరవైని ఎంచుకొని ఆంగ్లంలో తిరిగి చెప్పగా, ఆ పుస్తకం 1939లో లండనులో ప్రచురితమైనది.

యుద్ధరంగ ప్రవేశం

1940లో ఫ్రాన్సు పతనమైనప్పుడు కుటుంబం ఇంగ్లండుకు చేరింది. అహింసను నమ్మిన ఇంట పెరిగినప్పటికీ, నాజీలను ఎదుర్కొనే పనిలో పాల్గొనటం తన ధర్మమని నూర్ భావించింది. అదే సంవత్సరం నవంబరులో వాయుసేన మహిళా విభాగంలో చేరి మోర్స్ సంకేతాలు నేర్చుకొంది. 1943 జూన్ 16 రాత్రి బయలుదేరిన చిన్న విమానం ఈమెను ఫ్రాన్సులోని ఆంజే సమీపంలో దింపింది. ఈమె రహస్య నామం మడెలీన్. వచ్చిన పది రోజులలోపే పారిస్ బృందం నాయకుడు పట్టుబడ్డాడు, అరెస్టులు వరుసగా జరిగాయి. తిరిగి రమ్మని లండను సూచించినా, సందేశాలు పంపేవారు లేకుండా పోతారని ఈమె అంగీకరించలేదు.

ఏరియల్ - అవసరం, అపాయం

షార్ట్‌వేవ్ తరంగాలు పైనున్న అయనోవరణం నుండి తిరిగి నేలకు వంగుతాయి. కనుక తక్కువ శక్తి గల పరికరంతో కూడా పారిస్ నుండి సుమారు 340 కిలోమీటర్ల దూరంలోని లండనును చేరవచ్చును. అయితే ఇందుకు తగిన పొడవు గల తీగ కావాలి. ఉదాహరణకు 6 మెగాహెర్ట్జ్ వద్ద తరంగ దైర్ఘ్యం 50 మీటర్లు, అందులో సగం 25 మీటర్లు. అంత తీగ గదిలో పట్టదు. దానిని కిటికీ నుండి చెట్టుకో, మరో ఎత్తైన ఆధారానికో కట్టవలసి ఉంటుంది. గోడలకు, లోహపు కప్పులకు దూరంగా ఎంత ఎత్తున కడితే అంత మేలు. కాని బయట కట్టిన తీగ అందరికీ కనబడుతుంది. ప్రసారం మొదలైతే జర్మనుల దిశాశోధక వాహనాలు ఆ సంకేతాల వెంట వచ్చేవి. అందుచేత నూర్ క్లుప్తంగా పంపి, తీగ చుట్టుకొని, సుమారు 15 కిలోల పెట్టెతో మరో ఇంటికి మారేది.

ఒకసారి చెట్టు కొమ్మకు తీగ కట్టలేక అవస్థ పడుతుండగా, అదే భవనంలో ఉంటున్న జర్మను అధికారి చూశాడనీ, రేడియోలో సంగీతం వినటానికని ఈమె చెప్పగా ఆయనే కట్టిపెట్టాడనీ జీవితచరిత్రలు పేర్కొంటాయి.

అరెస్టు, మరణం

1943 అక్టోబరులో నూర్ పట్టుబడింది. ఈమెను పట్టి ఇచ్చినది ఏరియల్ కాదు, ఒకరి ద్రోహం. పంపిన సందేశాల ప్రతులున్న పుస్తకం కూడా జర్మనుల చేతికి చిక్కింది. వాటి సాయంతో వారు ఈమె పేరిట లండనుకు సందేశాలు పంపారు. లండను వాటిని నమ్మటంతో, తరువాత పారాచూట్లతో దిగిన కొందరు ఏజెంట్లు నేరుగా శత్రువు చేత చిక్కారు. నూర్ మాత్రం విచారణలో రహస్యాలు వెల్లడించలేదు. రెండుసార్లు తప్పించుకోజూసి విఫలమైనది. ఫోర్జ్‌హైమ్ జైలులో పది నెలలు సంకెళ్ళతో ఉంచి, 1944 సెప్టెంబరు 13న డకావ్ నిర్బంధ శిబిరంలో మరో ముగ్గురు మహిళా ఏజెంట్లతో పాటు కాల్చి చంపారు. అప్పటికి ఈమె వయసు 30 సంవత్సరాలు.

గుర్తింపు

ఫ్రాన్సు 1946లో క్వా ద గేర్, బ్రిటన్ 1949లో జార్జ్ క్రాస్ పతకాలను మరణానంతరం ప్రకటించాయి. లండనులోని గోర్డన్ స్క్వేర్‌లో 2012లో ఈమె విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఫ్రాన్సుకు వెళ్ళేముందు నివసించిన టావిటన్ వీధిలోని ఇంటిపై 2020లో స్మారక ఫలకం అమర్చారు.