డెబ్బై ఏండ్లకు గీసిన కొండ

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకాడ, ఎల్బీనగర్ హాస్టళ్లల్ల జెరసేపు నిలబడితే ఒక్క మాట పక్కా వినబడ్తది. ముప్పై దాటినయన్నా, ఇగ మనతోని ఏమైతది అని. ఊర్లె భూమి అమ్మి పంపిన అయ్యకు ఏం చెప్పాల్నో తెల్వక, ఫోన్ ఎత్తని పిలగాండ్లు సుత ఉన్నరు. గసుంటోళ్లకు జపాన్ బొమ్మలాయన హొకుసాయి కథ చెప్పాలె.

1760 సంవత్సరంల ఎడో పట్నంల పుట్టిండు. ఇయ్యాల్టి టోక్యో అదే. చాదర్‌ఘాట్ కాడ మూసీ దాటి మనం ఇటు వచ్చినట్టు, ఆయన వాడ సుమిద నది దాటినంక తూర్పు దిక్కున ఉండె. పిలగానిగ ఉన్నప్పుడు పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణంల పనిచేసిండు. ఆనక చెక్క మీద అచ్చులు చెక్కుడు నేర్చిండు. పద్దెనిమిదేండ్లప్పుడు ఒక గురువుకాడ బొమ్మలు గీసుడుకు చేరిండు.

బతుకంత తిప్పలే. తొంభైకి పైన ఇండ్లు మారిండంటరు. పేర్లు సుత ముప్పై దాక మార్చిండు. అరవై దాటినంక పక్షవాతం వచ్చింది. 1828ల భార్య కాలం చేసింది. మనుమడు జూదమాడి చేసిన అప్పులు నెత్తిన పడ్డయి.

ఇగ ముసలోని పని అయిపోయింది అనుకునే గా టైంల, డెబ్బై ఏండ్లకు, ఫూజీ కొండను పట్టుకున్నడు. ఒక్క కొండను ముప్పై ఆరు తీర్ల గీసిండు. గిరాకీ మంచిగుండేసరికి ఇంకో పది కలిపిండు. అండ్ల ఒకదాంట్ల కొండ కొనకాడ నీలి ఆకాశం, తెల్లమబ్బులు నిమ్మలంగ ఉంటయి. కింద మొత్తం చీకటి, అండ్ల ఎర్రటి మెరుపు. ఒక్క కొండకే పైన ఎండ, కింద వాన.

ఇవి దొరల గడీల కోసం చేసిన బొమ్మలు కావు. ఈయన గీస్తే ఒకలు చెక్క మీద చెక్కుతరు, ఇంకొకలు ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు పెట్టి కాయితం మీద అద్దుతరు. పెడనల కలంకారీ బట్ట మీద అద్దుతరు గదా, గట్లనే. రెండు గిన్నెల నూడుల్స్ పైసలకు అటిటుగ ఒక బొమ్మ దొరికేది. మామూలు జనమే కొన్నరు. గా వరుసల్నే ఉన్న పెద్ద అల బొమ్మను 2024ల జపాన్ సర్కారు వెయ్యి యెన్‌ల నోటు మీద అచ్చేసింది.

డెబ్బై అయిదు దగ్గర పడ్డప్పుడు, డెబ్బైలోపు గీసినవేవీ లెక్కకు రావని ఆయనే రాసుకున్నడు. 1839ల ఇల్లు కాలి, దాచుకున్న బొమ్మలు బుగ్గి అయినయి. మళ్ల కుంచె పట్టిండు. బిడ్డ ఓయి సుత మంచి చిత్రకారిణి, ఆయన పక్కన కూసొని గీసేది. 1849ల సచ్చిపోయేదాక గీస్తనే ఉన్నడు.

గీ కథ చెప్పి, నోరు మూసుకొని ఓపిక పట్టుండ్రి అంటలేను. ఖాళీలెన్ని, భర్తీ ఎప్పుడు అని సర్కారును నిలదీయాల్సిందే. కానీ వయసు అయిపోయిందని రూంల ఒక్కలే కూసొని పానం మీదికి తెచ్చుకోకుండ్రి. పక్క రూమోని తలుపు కొట్టుండ్రి, ఇంటికి ఫోన్ చేయుండ్రి. హొకుసాయి ముప్పైకే చాలనుకుంటే, అరవై తొమ్మిదికి చాలనుకున్నా సుత, గా కొండ బొమ్మ ఒక్కటి కూడ మనదాక రాకపోవు.