ఒకే పత్తి, పలు సరుకులు: పి.ఎ.సి. రామసామి రాజా

రాజపాళయం దగ్గరి సత్రపట్టి బ్యాండేజీ గుడ్డ నేతకు పేరున్న ఊరు. పలుచగా నేసిన గుడ్డను తెల్లబరిచి, ఆర్డరులో అడిగిన వెడల్పుకు కోసి చుట్టలు చుడతారు. కోత చివర్లో కనుక ఒకే గుడ్డ పలు కొలతలకు పనికొస్తుంది.

ఈ ప్రాంతంలో పత్తి పరిశ్రమకు బాట వేసినవారిలో ముఖ్యులు పి.ఎ.సి. రామసామి రాజా. 1894లో రాజపాళయంలోని తెలుగు రాజుల కుటుంబంలో పుట్టారు. 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. నూలు ఒక్కదాన్నే నమ్ముకుంటే, ధర పడినప్పుడు కూలి ఇళ్లలో పొయ్యి వెలగదు. 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ మొదలైంది. నూలు మిల్లు కోంబింగ్ యంత్రంలో రాలే పొట్టి పీచు కూడా ఆసుపత్రి దూదికి పనికొస్తుంది. కాస్టిక్ సోడాతో ఉడికించి మైనం తీసి, తెల్లబరిస్తే నీరు పీల్చుకునే దూది అవుతుంది. పత్తి అదే, కొనేవారు వేరు.

1957లో ఆయన మద్రాస్ సిమెంట్స్ స్థాపించారు. 1962లో కన్నుమూశారు. రాజపాళయంలో ఆయన పేరిట పాలిటెక్నిక్ ఉంది.

ఆసుపత్రి అడిగిన కొలత అడిగిన రోజుకు చేరాలంటే నూలు, నేత, తెల్లబరచడం, కోత చేయి చేయి కలపాలి. ఒకచోట ఆగితే మగ్గం ఆగుతుంది, ఆ ఇంటి కూలీ ఆగుతుంది.

ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా! ఈ జీవితం చెప్పేటప్పుడు పిల్లల చేతికి ఒక బ్యాండేజీ చుట్ట ఇవ్వండి. దాని వెనుక ఎన్ని చేతులున్నాయో మన తెలుగులోనే లెక్కపెట్టనివ్వండి.