డోర్నకల్ చేరిన అజరయ్య



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని అడిగినప్పుడు అంబేడ్కర్ గారి గురించో, పూలే గారి గురించో రాద్దామని మొదట అనుకున్నాం. వారి గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. వారి పటాలు మన గోడల మీద ఉన్నాయి. ఈసారి మాత్రం మన దగ్గర అంతగా చెప్పుకోని ఒక మనిషి గురించి రాస్తున్నాం. ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన్ను ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది.

మా బ్యాచ్‌లో ఒక మిత్రునికి ఏజెన్సీ ఊళ్లో పంతులు పని దొరికింది. నరసన్నపేటలో బస్సెక్కి, మధ్యలో బస్సు మారి, ఆ పైన కాలినడకన కొండెక్కాలి. అక్కడి పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. మావాడికి సవర రాదు, పిల్లలకు పుస్తకంలోని తెలుగు అందదు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. చుట్టూ కొండలే గాని తనకు మాత్రం సముద్రం నడుమ దీవిలో దింపేసినట్టు ఉందని, సామాను సర్దుకుని వచ్చేస్తానని అన్నాడు. మేము వద్దనలేదు, రమ్మనలేదు. అజరయ్య గారి సంగతి చెప్పాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళదేశంలో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు పల్లెటూరి పాదిరి. వాళ్లది నాడార్ కులం. ఆ రోజుల్లో తాటిచెట్లెక్కి కల్లు గీసే కులమని పెద్ద కులాలవాళ్లు వాళ్లను దూరంగా ఉంచేవారు, గుళ్లలోకి రానిచ్చేవారు కారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి కష్టపడి పెంచి చదివించింది. తిరునెల్వేలిలో చదువు ముగించుకుని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు గాని, అనారోగ్యం వల్ల చివరి పరీక్ష రాయలేక డిగ్రీ పూర్తి చేయలేకపోయారు. మన హాస్టల్లో పరీక్ష తప్పి దుప్పటి ముసుగు తన్ని పడుకున్న తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లాడారు. దక్షిణ దేశంలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. పట్టణంలో ఉద్యోగం, దొరలతో స్నేహం, నలుగురిలో పేరు, అన్నీ ఉన్నాయి. అక్కడే ఉండిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

1902లో ఆయన సింహళద్వీపంలోని యాళ్పాణం వెళ్లారు. దాన్నే జాఫ్నా అంటారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషులనే సేవకు దూరప్రాంతాలకు పంపుతున్నారు. అది చూసి ఆయనకు సిగ్గు వేసింది. అంత చిన్న దీవివాళ్లు చేస్తున్న పని ఇంత పెద్ద దేశంలో ఉన్న తామెందుకు చేయడం లేదు, ఎంతకాలం తెల్లవాళ్ల డబ్బు మీద, తెల్లవాళ్ల పెత్తనం కింద నడవాలి అని మథనపడ్డారు. తిరిగి వచ్చి 1903లో మిత్రులతో కలిసి తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. 1905లో బెంగాల్లోని సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పాటులో ముందు నిలిచారు. ధనం మనదే, మనుషులు మనవాళ్లే, నడిపేదీ మనమే కావాలన్నది వాటి పద్ధతి. దేశంలో స్వదేశీ ఉద్యమం సాగుతున్న కాలం అది.

తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. బెజవాడ నుంచి వరంగల్లు వెళ్లే రైలుమార్గంలో అది జంక్షన్. ఇల్లెందు బొగ్గుగనులకు అక్కడి నుంచే లైను చీలుతుంది. స్టేషన్ దాటితే చుట్టూ పల్లెలు, అడవి. ఆ పల్లెలకు వెళ్లండని అజరయ్య గారు ఊరూరా తిరిగి యువకులకు చెప్పేవారు. అలా చెప్పగా చెప్పగా ఒకనాటికి ఆ మాట తనకే తగిలింది. పదిమందిని పొమ్మని చెప్పే మనిషి తాను కదలకుండా ఎలా ఉంటాడు? 1909లో గురుపట్టం తీసుకుని, పట్టణపు ఉద్యోగం వదిలి, భార్యాబిడ్డలతో డోర్నకల్ బయలుదేరారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు.

తిరునెల్వేలి నుంచి డోర్నకల్ వెళ్లడమంటే ఆనాడు పరదేశం పోవడమే. రాజ్యం వేరు, తిండి వేరు, భాష వేరు. ఆంగ్లంలో పెద్ద సభలను కదిలించగల ఆ వక్త అక్కడ మంచినీళ్లు అడగడానికి తడుముకోవలసిన పరిస్థితి. చుట్టూ నేల ఉన్నా ఆయనకు కూడా అది దీవే. దుబాసీని పెట్టుకుని దొరలాగా పని నడిపించవచ్చు. ఆయన అలా చేయలేదు. ముప్పై అయిదో ఏట పలకా బలపం పట్టిన పిల్లవాడిలా తెలుగు అక్షరాలు దిద్దారు. జనం తనతో మాట్లాడే తెలుగును విని, దానిలోనే బదులు చెప్పడం నేర్చుకున్నారు. తరువాత ఆయన బోధలన్నీ పల్లెజనానికి తెలుగులోనే సాగాయి.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేము పీజీలో చేరిన కొత్తలో నోరు విప్పితే చాలు, క్లాసులో నవ్వేవారు. ఏటి, ఎలగ అన్న మాటలు పలికితే మళ్లీ అనిపించుకుని మరీ నవ్వేవారు. కొన్నాళ్లు మాట్లాడ్డమే మానేశాం. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే గది బయటకు వెళ్లి, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. ఆ పట్టా వచ్చేసరికి మా అమ్మ మాటే మాకు నామోషీ అయింది. అజరయ్య గారి జీవితం చదివినప్పుడు మాకు తల వంగిపోయింది. అంత చదువరి, అక్షరం రాని కూలివాడి నోటి మాటను గురువుగా పెట్టుకున్నారు. మేమేమో ఆ కూలివాడి బిడ్డలమై ఉండి ఆ మాటను దాచుకుంటున్నాం.

ఆయన పనిచేసినది ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో. నిజాం రాజ్యంలో ఆ జనానికి వెట్టిచాకిరి ఉండేది. భూమి లేదు, బడి లేదు. ఊరి బావి దగ్గరకు పోనివ్వరు. అజరయ్య గారు ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఊరూరా తిరిగేవారు. పర్యటనల్లో గుడారమే ఇల్లు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగే పల్లె శత్రువులని ఎంచి వాటి మీద పోరు పెట్టారు. పల్లెకు ఒక పంతుల్ని ఇవ్వాలన్నది ఆయన పట్టుదల. ఆ పంతుళ్ల కోసం డోర్నకల్‌లో శిక్షణ బడి నడిపారు. అందులో భర్తతో పాటు భార్యకు కూడా చదువు చెప్పేవారు. పంతులు ఒక్కడే మారితే వీధి వరకే మార్పు, ఆలు కూడా చదివితే ఇంటిలోకి మార్పు వస్తుందని ఆ దంపతుల నమ్మకం. స్త్రీల పని చాలావరకు మరియమ్మాళ్ గారే చూసుకునేవారు.

డోర్నకల్ వచ్చిన మరుసటి ఏడే, 1910లో, స్కాట్లండ్‌లోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఎక్కువమంది తెల్లవాళ్లే ఉన్న ఆ సభలో అజరయ్య గారు ఒక చేదు నిజం చెప్పారు. పరదేశం నుంచి వచ్చినవారు ఆస్తిని, ఒంటిని ధారపోసి సేవ చేస్తున్నారు, అందుకు కృతజ్ఞులమే, కాని మమ్మల్ని సాటి మనుషులుగా, స్నేహితులుగా మాత్రం చూడడం లేదు అన్నది ఆ ప్రసంగం సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది, కొందరు ఆలోచనలో పడ్డారు. ఆ ప్రసంగం ఇప్పటికీ చరిత్రలో నిలిచి ఉంది. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉన్నంతకాలం అది సేవ కాదని ఆయన చెప్పినట్టు మేము అర్థం చేసుకున్నాం.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్ పట్టం కట్టారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. నల్లవాడి కింద తెల్లవాళ్లు పనిచేయడమేమిటని గొణిగినవారు ఉన్నారు. మనవాళ్లలోనూ సందేహించినవారు ఉన్నారు. ఆయన మాటలతో జవాబు చెప్పలేదు. మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంతమంది గురువులతో మొదలైన డోర్నకల్ అధ్యక్ష మండలంలో 1935 నాటికి 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె పంతుళ్లు ఉన్నారు. వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చు యంత్రాలు వచ్చాయి.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దాని గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి. ఇంగ్లండు చర్చికి నకలు కాకుండా ఈ నేల మీద పుట్టిన కట్టడంలా ఉండాలని ఆయన కోరుకున్నారు.

మహనీయుల గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాస్తే అది పొగడ్త అవుతుంది. అజరయ్య గారితో విభేదించినవారు ఉన్నారు. 1930లలో అణగారిన కులాలవారు మతం మారే విషయంలో గాంధీజీకి, ఆయనకు మాట కుదరలేదు. మాల, మాదిగల మధ్య ఎడం పోవాలని ఆయన ఎంతో ప్రయత్నించారు గాని, ఆయన కళ్ల ముందు అది పూర్తిగా పోలేదు. ఒకే గుడిలో మోకరిల్లినవాళ్లు కూడా వేరువేరు పేటల్లోకే తిరిగివెళ్లారు. ఆ ఎడం మన హాస్టల్ గదుల దాకా వచ్చిందో లేదో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

దక్షిణ భారతంలోని వేరువేరు సంఘాలు ఒకటి కావాలని అజరయ్య గారు చాలా ఏళ్లు పాటుపడ్డారు. అది చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కొన్నాళ్లు పనిచేసి పోదామని వచ్చిన మనిషి కాదాయన. ముప్పై అయిదేళ్లు అక్కడే ఉండి, ఆ మట్టిలోనే కలిసిపోయారు. ఇప్పుడు ఆ ఊరు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. మేము పోటీ పరీక్షకు ఆమదాలవలసలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లినప్పుడు ఖమ్మం దాటాక డోర్నకల్ బోర్డు చూశాం. రైలు ఆగిన కొద్దిసేపూ, ఇక్కడ సామాను దింపుకున్న ఆ కుటుంబాన్ని తలచుకున్నాం.

పరభాషను పేదవాడి నోటి నుంచి నేర్చుకున్న పెద్దలు మన ప్రాంతంలోనూ ఉన్నారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల వద్దే సవర భాష నేర్చుకున్నారు. వాళ్ల కోసం వాచకాలు రాసి, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆయన బాట వేసిన భాషనే మా మిత్రుడు ఈనాడు వినలేక పారిపోదామనుకున్నాడు.

అతను వచ్చేయలేదు తమ్ముళ్లూ. సాయంత్రం పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, పాఠం వాళ్లనే చెప్పమన్నాడట. చెట్టు, నీళ్లు, అన్నం, అమ్మ, వీటిని సవరలో ఏమంటారో అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడట. తప్పు పలికితే పిల్లలు పడీపడీ నవ్వారట. క్లాసులో మమ్మల్ని చూసి నవ్విన నవ్వు లాంటిది కాదట అది. మర్నాడు బడికి ఇంకో ఇద్దరు కొత్త పిల్లలు వచ్చారని ఫోన్‌లో చెప్పాడు.

రేపు మీలో ఒకరు పంతులవుతారు, ఒకరు నర్సవుతారు, ఒకరు బ్యాంకులోనో రైల్వేలోనో చేరతారు. మొదటి పోస్టింగు మీరు కోరుకున్న ఊరికి రాదు. రేకుపెట్టె పట్టుకుని ఈ హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి ఎలా ఏడ్చామో, అక్కడా అలాగే ఏడుపు వస్తుంది. అప్పుడు డోర్నకల్ స్టేషన్‌లో దిగిన అజరయ్య గారిని తలచుకోండి. అక్కడివాళ్లకు నేర్పడానికి ముందు వాళ్ల దగ్గర ఒక్క మాటైనా నేర్చుకోండి. మీ అమ్మ మాటను మాత్రం మాలాగా దాచుకోకండి.