గుండె సంకేతాన్ని పట్టిన ఐంథోవెన్

ఈసీజీ కాగితం మీది గీతలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టింది విల్లెమ్ ఐంథోవెన్. పేస్‌మేకర్ పెట్టుకున్నవారు ఆయన గురించి తప్పక తెలుసుకోవాలి.

ఆయన 1860లో జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టారు. వైద్యుడైన తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి ఆరుగురు పిల్లలతో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ చేరారు. విల్లెమ్ అక్కడే వైద్యం చదివి, పాతికేళ్లకే లైడెన్ విశ్వవిద్యాలయంలో ఫిజియాలజీ ప్రొఫెసరయ్యారు.

అప్పట్లో గుండె విద్యుత్తును పాదరసం గొట్టంతో కొలిచేవారు. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ మనిషి గుండె సంకేతాన్ని అలాగే నమోదు చేశారు. కానీ పాదరసం బరువైనది. గుండె వేగాన్ని అందుకోలేక గీత రూపు మారిపోయేది. ఐంథోవెన్ మొదట లెక్కలు కట్టి ఆ తప్పు సరిదిద్దారు. తర్వాత పరికరాన్నే మార్చేశారు. వెండిపూత వేసిన సన్నటి క్వార్ట్జ్ పోగును బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య బిగించారు. గుండె నుంచి వచ్చే అతి స్వల్ప విద్యుత్తుకే అది కదిలేది. యంత్రం బరువు మాత్రం సుమారు 270 కిలోలు! నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులు, ఎడమ కాలు ఉప్పునీటి జాడీల్లో పెట్టి కూర్చోవాలి. యంత్రాన్ని కదిలించలేక, దాదాపు 1.5 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రి రోగుల సంకేతాలను టెలిఫోన్ తీగ ద్వారా తెప్పించుకున్నారు. 1906లో ప్రచురించిన ఈసీజీల్లో పూర్తి హార్ట్ బ్లాక్ కూడా ఉంది. నేడు పేస్‌మేకర్ పెట్టడానికి ముఖ్య కారణాల్లో అదొకటి. 1924లో నోబెల్ అందుకున్న ఆయన, 1927లో కన్నుమూశారు.

అసలు సంకేతాన్ని చెదరకుండా పట్టుకోవడమే ఆయన జీవితకాల తపన. పేస్‌మేకర్‌కూ అదే పరీక్ష. 1958లో స్టాక్‌హోమ్‌లో శరీరంలో అమర్చిన తొలి పేస్‌మేకర్‌కు గుండె మాట వినే శక్తి లేదు. ఇప్పటివి గుండె తనంతట తాను కొట్టుకుందో లేదో విని, అవసరమైతేనే ప్రేరణ ఇస్తాయి. దీన్నే సెన్సింగ్ అంటాం. ఫిక్స్‌డ్ సెట్టింగ్‌లో డాక్టర్ ఒక హద్దు పెడతారు. ఉదాహరణకు 2 మిల్లీవోల్టులు. అంతకంటే పెద్ద సంకేతాన్నే పరికరం గుండె స్పందనగా లెక్కిస్తుంది. ఆటోమేటిక్‌లో స్పందన ఎత్తును బట్టి పరికరమే హద్దును సర్దుకుంటుంది.

హద్దు మరీ తక్కువైతే కండరాల కదలికను గుండె స్పందన అనుకుని ప్రేరణ ఆపేయవచ్చు. పేస్‌మేకర్ మీదే పూర్తిగా ఆధారపడినవారు అలాంటప్పుడు స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మరీ ఎక్కువైతే అసలు స్పందనే వినబడక, అక్కర్లేని ప్రేరణ ఇస్తుంది. ఆటోమేటిక్ కూడా అప్పుడప్పుడు పొరబడవచ్చు. అందుకే ఎవరికి ఏది సరిపోతుందో చెకప్‌లో పరీక్షించి డాక్టరే నిర్ణయిస్తారు.

బాగానే ఉన్నాం కదా అని చెకప్ మానకండి. పేస్‌మేకర్ కార్డు వెంట ఉంచుకోండి. బరువు ఎత్తినప్పుడో, చెయ్యి కదిపినప్పుడో కళ్లు తిరిగితే ఆ విషయం డాక్టర్‌కు తప్పక చెప్పండి. స్పృహ తప్పితే మాత్రం వెంటనే ఆసుపత్రికి రండి.